తంగేడు పువ్వు, తంగేడు చెక్క

కరక్కాయకు కులం ఉందా అని అడిగితే నవ్వుతారు. కానీ ఒకే కరక్కాయ మన దగ్గర మూడు చోట్ల మూడు రకాలుగా బతుకుతున్నది. వైద్యుడి చేతిలో అది హరీతకి, దానికి శ్లోకాలున్నాయి. కలంకారీ పనివాడి తొట్టిలో అది సంప్రదాయం, దానికి ప్రదర్శనలున్నాయి, అవార్డులున్నాయి. మాదిగవాడ చివర లందలో పడితే మాత్రం అదే కరక్కాయ కంపు. దారిన పోయేవాడు ముక్కు మూసుకుంటాడు. కాయ మారలేదు, కాయలోని వగరు మారలేదు. ముంచిన చెయ్యి మారింది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కొన్నేళ్ళుగా మన నగరాల్లో ఒక రకం కళకు ఆదరణ పెరిగింది. కాగితాన్ని ఆకులుగా, పూలుగా, పిట్టలుగా కత్తిరించి అతికించే కొలాజ్‌లు, చెక్క అచ్చులతో, చెట్ల రంగులతో చేత్తో అద్దిన గుడ్డలు. చేసేవాళ్ళు తమను స్వతంత్ర కళాకారులమని చెప్పుకుంటున్నారు. ఏ కంపెనీకీ పనిచెయ్యరు, సర్కారు కొలువు చెయ్యరు, సొంత గదిలో సొంత బల్ల మీద పని చేసుకుంటారు. ఈ పని చెడ్డదని మేము అనడంలేదు. చాలామంది కష్టపడి నేర్చుకుంటున్నారు, చూడముచ్చటగా చేస్తున్నారు. కానీ ఈ పని గురించి రాసే కరపత్రాలు, పత్రికల్లో వచ్చే సమీక్షలు వరసగా చదివితే అవే మాటలు మళ్ళీ మళ్ళీ తగులుతుంటాయి. ప్రకృతి నుంచి ప్రేరణ. చేతి స్పర్శ. స్వచ్ఛమైన రంగు. స్వతంత్ర సృజన. ఈ దేశంలో ఈ మాటల్ని ఇంత అమాయకంగా ఎట్లా వాడగలుగుతున్నారు అన్నదే మా ప్రశ్న.

చేతి స్పర్శ సంగతే చూద్దాం. యంత్రం అద్దిన గుడ్డ కన్నా చేత్తో అద్దిన గుడ్డకు ధర ఎన్నో రెట్లు. అంటే చెయ్యి తగిలినందుకు విలువ పెరుగుతున్నది. చెయ్యి తగిలితే బావి చెడుతుందని, బువ్వ చెడుతుందని, దేవుడు కూడా చెడతాడని చెప్పిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఎవరి చెయ్యి అన్నది చెప్పనంత వరకే ఈ వ్యాపారం సాఫీగా నడుస్తుంది. 'చేతి అద్దకం' అని అతికించిన చీటీ మీద ఊరి పేరు ఉంటుంది, దుకాణం పేరు ఉంటుంది, చెయ్యి ఉన్న మనిషి పేరు ఉండదు. ముద్ర అన్న మాట సంగతీ అంతే. గుడ్డ మీద చేతిముద్ర పడితే కళ, కాగితం మీద వేలిముద్ర పడితే నిరక్షరాస్యత. మనల్ని వేలిముద్రగాళ్ళని ఈసడించిన ఇళ్ళల్లోనే ఇవాళ చేతిముద్రల దుప్పట్లు పరుచుకుంటున్నారు.

కలంకారీ పని ఎట్లా జరుగుతుందో పుస్తకాల్లో బాగానే రాశారు. నేతగుడ్డను గంజి పోయేదాకా ఉతుకుతారు. పేడ నీళ్ళల్లో నానబెట్టి ఎండలో తెల్లబరుస్తారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఆరేస్తారు. పాలల్లోని కొవ్వు రంగును పక్కకు పాకనియ్యదు. కరక్కాయలోని వగరు, దాన్నే టానిన్ అంటారు, రంగును పట్టి ఉంచుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళల్లో వారాల తరబడి పులియబెట్టి తీసిన నీళ్ళు ఆ గుడ్డ మీద పడితే నల్లగా తిరుగుతుంది. పటిక నీళ్ళు అద్దిన చోట చిరివేరుతోనో మంజిష్ఠతోనో ఉడకబెడితే ఎరుపు తేలుతుంది. నీలానికి వేరే తొట్టి. మధ్య మధ్యలో పారే నీళ్ళల్లో ఉతుకుడు. ఇదంతా చదివి నగరపు పాఠకుడు ఎంత జ్ఞానం అని ఆశ్చర్యపోతాడు. ఆశ్చర్యపోవలసిందే.

ఇప్పుడు లంద దగ్గరికి పోదాం. తోలును సున్నం నీళ్ళల్లో నానేసి వెంట్రుకలు రాలగొడతారు. లోపలి కండ గీకుతారు. తంగేడు చెక్క దంచి, కొన్ని చోట్ల కరక్కాయ కూడా కలిపి, ఆ కషాయంలో రోజుల తరబడి ఉంచుతారు. తోలును సంచిలాగా కుట్టి, వేలాడగట్టి, అందులో చెక్క నీళ్ళు నింపే పద్ధతి కూడా ఉన్నది. వగరు లోపలికి పోయి తోలును కుళ్ళకుండా కాపాడుతుంది. గుడ్డకు తొట్టిలో జరిగేదీ తోలుకు లందలో జరిగేదీ ఒకే కుదురు పని. నిజానికి వగరు నూలును పట్టుకునేదాని కన్నా తోలునే గట్టిగా పట్టుకుంటుంది.  ఏ నీళ్ళల్లో ఎన్నాళ్ళు, ఏ ఎండలో ఎంతసేపు, చేతికి ఎట్లా తగిలితే పని అయినట్టు, ఇవన్నీ తెలిసినవాణ్ణి మనం ఎన్నడైనా కళాకారుడని పిలిచామా? కనీసం రసాయనం తెలిసినవాడని పిలిచామా?

కంచ ఐలయ్య 2009లో అచ్చయిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగల తోలుపనిని శాస్త్రజ్ఞానంగా నిలబెట్టారు. అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, శ్రమ గౌరవం గురించి పిల్లలకు రాసిన పుస్తకానికి గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. ఆ వాదన సమాజశాస్త్రం తరగతుల్లోకి కొంత పోయింది. కళావిమర్శలోకి మాత్రం రాలేదు. ఇవాళ్టికీ సహజ రంగుల గురించి రాసేవాళ్ళు కరక్కాయ పేరెత్తుతారు గానీ లంద పేరెత్తరు.

తంగేడు సంగతి ఇంకా విచిత్రం. 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. బతుకమ్మలో పేర్చే పువ్వు, పచ్చగా, ఎండకు బెదరని పువ్వు. సహజంగానే ఇప్పుడు అద్దకాల్లో, కొలాజుల్లో తంగేడు పువ్వు కనిపిస్తున్నది. బాగున్నది. కానీ అదే చెట్టు చెక్క ఎటు పోయింది? పువ్వు ఊరికి, చెక్క వాడకు అన్నట్టుగా ఒక్క చెట్టునే కులం రెండుగా చీల్చింది. చాలా ఊళ్ళల్లో ఊరి బతుకమ్మ వేరు, వాడ బతుకమ్మ వేరు అన్న సంగతి తెలిసిందే. చెక్క తీసినవాడి కత్తి, దంచిన ఆడమనిషి రోకలి, నానిన చేతుల గోళ్ళకు పట్టిన ముదురు రంగు, ఇవి ప్రకృతి బొమ్మల్లోకి రావు. చెట్టును చూసి ప్రేరణ పొందేవాడికి అది దృశ్యం. ఆ చెట్టుతో పని చేసేవాడికి అది సరుకు, మందు, బతుకు. రెండో చూపుకు మన విమర్శలో మాట కూడా లేదు.

మాటల దగ్గరే ఇంకొంచెం ఆగుదాం. మచిలీపట్నం, పెడనల్లో ఇవాళ ఎక్కువగా జరిగేది టేకు అచ్చులతో అద్దడం. దానికి తెలుగులో అద్దకం అన్న చక్కటి మాట ఉన్నది. కానీ అమ్మేటప్పుడు అది కలంకారీ. కలం అంటే రాత. రాతకు ఈ దేశంలో ఉన్న మర్యాద అద్దడానికి లేదు. పాతకాలంలో బందరు ప్రాంతంలో కలంతోనే గీసేవారు, అందుకని ఆ పేరు మిగిలింది అని చరిత్రకారులు చెప్తారు, అది నిజమే. అయినా పేరు వల్ల ఏ పనికి గౌరవం దక్కింది, ఏ పని మరుగుపడింది అని అడగొచ్చు గదా. 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణా కేంద్రం పెట్టారు. కలం పట్టినవాళ్ళకు అక్కడ గురువుల పేర్లు వచ్చాయి, పురస్కారాలు వచ్చాయి. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఆయన పనికి అది తగినదే. అచ్చు చెక్కిన వడ్రంగి పేరు, బల్ల ముందు రోజంతా నిలబడి అద్దిన మనిషి పేరు, కాలవలో మోకాటి లోతున నిలబడి గుడ్డ జాడించిన మనిషి పేరు మీలో ఎవరికైనా తెలుసా?

ఈ పేరు లేకపోవడం నిన్న మొన్నటిది కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు బందరులో కోఠీలు పెట్టిందే గుడ్డల కోసం. ఆ పూలగుడ్డల దెబ్బకు తమ నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లో, మళ్ళీ 1721లో వాటిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఒక రాజ్యాన్ని చట్టం చేసుకునేలా భయపెట్టిన పనిమంతుల్లో ఎందరి పేర్లు మనకు మిగిలాయి? కంపెనీ లెక్కల్లో గుడ్డల రకాలు ఉన్నాయి, ధరలు ఉన్నాయి. చిరివేరు తవ్వినవాళ్ళ లెక్క ఎక్కడున్నది? వేలెడంత సన్నని వేర్లు, ఇసుక నేలల్లో ఒక్కొక్కటే తవ్వి తీయాలి. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు, 1897 నుంచి కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. ఈ మార్పును సమీక్షకులు స్వచ్ఛత పోయిన కథగా చెప్తారు. తవ్వే కూలికి అది ఏమిటన్నది వాళ్ళకు పట్టదు. నీలిమందు పండించమని బెంగాలు రైతును కొట్టారు, 1859లో వాళ్ళు తిరగబడ్డారు. చంపారన్‌లో 1917 దాకా ఆ గోడు తీరలేదు. అది కూడా సహజ రంగే. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన రంగుకు పాపం అంటదా?

ఇక అచ్చుల మీద ఏముంటాయి? లతలు, మామిడిపిందెలు, చిలుకలు, నెమళ్ళు, హంసలు, పారశీకం నుంచి గోల్కొండ మీదుగా వచ్చిన పూలచెట్టు. కొత్త కళాకారులు వీటికి మరికొన్ని కలిపారు, ఫెర్న్ ఆకులు, తూనీగలు, సీతాకోకలు. బర్రె లేదు. పంది లేదు. గాడిద లేదు, గద్ద లేదు. తుమ్మ, జిల్లేడు, పల్లేరు చాలా అరుదు. 1941లో జాషువా తన సందేశం మోయడానికి మేఘాన్నీ హంసనూ కాదని గబ్బిలాన్ని ఎన్నుకున్నాడు. గుడి లోపల తలకిందులుగా వేలాడగలిగేది అదొక్కటే గనుక. ఎనభై ఏళ్ళు దాటినా ఆ ఎన్నిక మన బొమ్మల్లోకి రాలేదు. ప్రకృతి ప్రేరణ అంటున్నారు గానీ ఆ ప్రకృతిలో కూడా వర్ణక్రమం ఉన్నది.

ఇంతదాకా చెప్పింది వాళ్ళకు. ఇక మనవాళ్ళతో కొంచెం తగువు పడాలి.

మేము పాఠాలు చెప్పే చోట చదువుకున్న ఒక మాదిగ అమ్మాయి ఇదే పని చేస్తున్నది. కొలాజులు అతుకుతుంది, గుడ్డలు అద్దుతుంది, వాటి మీదే బతకాలని చూస్తున్నది. ఆమె పని ఒక చిన్న సభలో చూపించినప్పుడు మన కార్యకర్తల్లోనే కొందరు పెదవి విరిచారు. 'ఆకులూ పువ్వులూ ఏందమ్మా, మన బాధలు లేవా? చీపురు లేదా, డప్పు లేదా, అంబేడ్కర్ లేడా?' అన్నారు. ఆ ప్రశ్న వెనక ఉన్న ఆవేదన మాకు తెలుసు. అయినా ఆ ప్రశ్న తప్పని మా అభిప్రాయం. ఆకు వాళ్ళ సొత్తు, చీపురు మన సొత్తు అని ఒప్పుకుంటే ఇంక మిగిలేదేముంది? పువ్వును ఊరికి ఇచ్చి, చెక్కను వాడకు విసిరిన ఆ పంపకాన్నే మనం మన చేత్తో ఖాయం చేసినట్టు కాదా? 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో నక్షత్రాల మీద, ప్రకృతి మీద తనకున్న ప్రేమ గురించి రాశాడు. ఆ ప్రేమ ఆయన రాజకీయానికి అడ్డం రాలేదు.

పైగా ఆమె పని చూసినవాళ్ళు సరిగ్గా చూడలేదు. అద్దిన గుడ్డల్లో తంగేడు ఉన్నది గానీ పువ్వు లేదు. చెక్క ఒలిచిన కొమ్మ ఉన్నది. ఒలిచిన చోట నున్నగా, ఒలవని చోట గరుకుగా ఉండే ఆ కొమ్మను అచ్చుగా చెక్కించింది. అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి పడేట్టు అద్దింది. రంగులు రెండే, కరక్కాయ పసుపు, ఇనుప నలుపు. కరక్కాయలో నానిన గుడ్డను పూర్తిగా ఉతకకుండా కింద ఒక జానెడు వదిలేసింది. అక్కడ పసుపు మరకలు మరకలుగా మిగిలింది. దూరం నుంచి చూస్తే నానేసిన తోలు అంచులాగే ఉంటుంది. చిన్నప్పుడు తాత లంద చూసిన పిల్ల తప్ప ఇంకొకరు ఆ జానెడు జాగా అట్లా వదలరు. ఏ నినాదమూ లేదు, ఏ బొమ్మా లేదు, కానీ గుడ్డ మొత్తం కులం గురించి మాట్లాడుతున్నది. దీన్ని పెదవి విరిచినవాళ్ళు ఎందుకు చదవలేకపోయారు? బాధను బొమ్మగా గీసి చూపిస్తే తప్ప గుర్తుపట్టని అలవాటు మనకు ఎవరు నేర్పారు?

కొలాజులు అంత సమంగా లేవు. చిత్తుకాగితాలతో, బిస్కెట్ పొట్లాలతో, హాల్‌టికెట్ జిరాక్సులతో కట్టిన పొదలు బాగున్నాయి. ఒకదాంట్లో మాత్రం పేపర్లో నుంచి కత్తిరించిన పెద్ద అక్షరాలు తెచ్చి మధ్యలో 'కులం' అని అతికించింది. సభలో విన్న మాటల ఒత్తిడికి చేసినట్టున్నది. అక్కడ బొమ్మ ఆగిపోయి పోస్టరు మొదలవుతుంది. కానీ జిగురు గురించి ఒక మాట చెప్పాలి. ఆమె వాడేది బజారు గోందు కాదు, చింతగింజల జిగురు. వేపచట్రానికి తోలు అంటించి డప్పు చేసేటప్పుడు వాళ్ళ నాయన వాడేది అదే. చేర్యాల పటాలకు గుడ్డ సిద్ధం చెయ్యడానికి నకాషీలు వాడేదీ అదే. ఆ పటాల్లో కొన్ని డక్కలివాళ్ళు మాదిగవాడల్లో జాంబపురాణం చెప్పడానికి గీయించుకున్నవి. అంటే మాదిగవాడ కళను పోషించిన చరిత్ర కూడా ఉన్నది, బొమ్మ మనకు కొత్త కాదు. చింతగింజల జిగురుకు పురుగు పడుతుందని ఆమె బైండింగు పనివాళ్ళలాగా కాస్త మైలుతుత్తం కలుపుతున్నది. ఈ తెలివిడి ఏ ఫైన్ ఆర్ట్స్ పాఠంలో చెప్పారో మాకు తెలియజేస్తే సంతోషిస్తాం.

మన ఆడవాళ్ళు ఆకునూ పిట్టనూ గీయడం ఈమెతో మొదలు కాలేదు. బీహారు మిథిల కథ తెలుసుకోండి. 1966-67 కరువులో భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు ఊళ్ళల్లో కాగితాలు పంచాడు. గోడల మీద పెళ్ళిబొమ్మలు వేసే బ్రాహ్మణ, కాయస్థ స్త్రీల పేర్లు మొదట బయటికొచ్చాయి. 1970లలో దుసాధ్ స్త్రీలు కాగితం అందుకున్నారు. వాళ్ళు పైకులాల దేవతల్ని అరువు తెచ్చుకోలేదు. ఒంటి మీద పొడిపించుకున్న పచ్చబొట్లనే కాగితం మీదికి తెచ్చారు. వరసలు వరసలుగా చిన్న చెట్లు, పిట్టలు, జంతువులు, మనుషులు. చానో దేవి ఆ దారిలో పెద్ద పేరు. చమార్ కులానికి చెందిన జమునా దేవి కాగితానికి పేడనీళ్ళు పూసి దాని మీద గీయడం మొదలుపెట్టింది. ఆ పూత బాగుందని తర్వాత అన్ని కులాలవాళ్ళూ అందుకున్నారు, కొనేవాళ్ళు కూడా అదే కావాలన్నారు. పేడ ఎత్తే చేతిని తక్కువ చేసిన సమాజం ఆ చెయ్యి పూసిన కాగితానికి చట్రం కట్టి గోడకు తగిలించింది. అయినా కులం అంత తేలిగ్గా పోదు. ఆ చిత్రాల్ని వివరించే పుస్తకాలు శైలుల్ని కులాల వారీగా పంచి పెట్టాయి. రంగు నింపేది బ్రాహ్మణ శైలి, గీతలు గీసేది కాయస్థ శైలి, పచ్చబొట్టుది దళిత శైలి. గీసిన మనిషి ఏం ఆలోచించింది అన్న ప్రశ్న ఒక్క పైకులం వాళ్ళ దగ్గరే అడుగుతారు. మన దగ్గరికి వచ్చేసరికి జాతి సంప్రదాయం అని తేల్చేస్తారు. 2021లో మల్లా కులపు దులారీ దేవికి పద్మశ్రీ వచ్చిందంటే దాని వెనక యాభై ఏళ్ళ పెనుగులాట ఉన్నది.

ప్రకృతి అనగానే మనకు గుర్తొచ్చేది నీళ్ళు. అద్దకానికి పారే నీళ్ళు కావాలి. నిలవ నీళ్ళల్లో ఉతికితే అదనపు రంగు మళ్ళీ గుడ్డకే పట్టి మసకబారుతుంది. ఈ సంగతి ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఆ నీళ్ళు ఎవరివి అన్నది ఉండదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో పోయి చెరువు నీళ్ళు తాగితే అది తిరుగుబాటు అయింది. 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళను మురికి చెయ్యొద్దన్నందుకు తగాదా మొదలై, ఆరుగురి ప్రాణాలు పోయాయి. బతికినవాళ్ళు పక్కనున్న చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. ఆ చీరాల గుడ్డల ఊరే, నూనె పట్టించి ఎర్రరంగు ఎక్కించిన తేలియా రుమాళ్ళకు పేరుపడ్డ ఊరే. నేతల గురించి, రంగుల గురించి రాసే పుస్తకంలో చీరాల ఉంటుంది, కారంచేడు ఉండదు. వాటిని ఒకే పేజీలో పెట్టి చదవడమే దళిత కళావిమర్శ చేయవలసిన పని.

స్వతంత్రం గురించి. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆమె 1772లో, 72 ఏళ్ళ వయసులో, రంగు కాగితాలు కత్తిరించి పూల బొమ్మలు అతికించడం మొదలుపెట్టింది. పదేళ్ళలో దగ్గర దగ్గర వెయ్యి చేసింది. అవి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నల్లటి కాగితం మీద ఒక్కో రేకూ ఈనెతో సహా తేలి కనిపిస్తుంది, నిజంగా గొప్ప పని. కాగితపు కొలాజుల వాళ్ళు ఆమెను మూలపుటమ్మగా చెప్పుకుంటారు. అయితే ఆమెకు ఆ తీరిక, ఆ పూలు ఎక్కడివి? స్నేహితురాలైన జమీందారిణి తోటలోవి. ముసలితనంలో రాజుగారే ఇల్లిచ్చి భత్యం కూడా ఇచ్చాడు. ఆ రోజుల్లో కాగితం చింకి గుడ్డల నుంచి తయారయ్యేది, ఆ చింకి గుడ్డలు వీధుల్లో ఏరినవాళ్ళు వేరే ఉన్నారు. ఆమెను తక్కువ చెయ్యడానికి కాదు ఇది చెప్పడం. స్వతంత్ర కళాకారుల వెనక ఎప్పుడూ ఒక తోట ఉంటుంది, దాన్ని లెక్కలో వెయ్యండి అంటున్నాం, అంతే.

మన అమ్మాయికి తోట లేదు. అద్దకానికి కావలసినవి లెక్కేస్తే పొడుగాటి బల్ల, రాగి కాగులు, కట్టెలు, గుడ్డ ఆరేసే జాగా, నీళ్ళు. ఊళ్ళో జాగా ఉన్నది గానీ కొనేవాళ్ళు లేరు. నగరంలో కొనేవాళ్ళు ఉన్నారు గానీ ఇల్లు అడగబోతే ముందు కులం అడుగుతారు, ఇచ్చాక తొట్టి వాసన అంటారు. దుకాణాలు సరుకు తీసుకొని అమ్ముడుపోయాక డబ్బులంటాయి. ఆరునెలలు ఆగగలిగినవాళ్ళు స్వతంత్రంగా ఉండగలరు. మొగుడి జీతమో, తాతలనాటి పొలమో ఉన్నవాళ్ళు ఆగుతారు. ఈమె ఒక ట్యూషన్ సెంటరులో సాయంత్రాలు లెక్కలు చెప్పి ఆగుతున్నది. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రమజీవుల్ని కూడా విభజించిందని అంబేడ్కర్ 1936లోనే అన్నాడు. ఆ విభజన కార్ఖానాలోనే కాదు, సొంత గదిలో ఒంటరిగా కూర్చున్న కళాకారిణి బల్ల మీద కూడా ఉన్నది.

పేరు సంగతి కూడా ఇక్కడే తేలాలి. పేరు లేదని మేము ఇంతసేపు అరిచాం. ఆమెను గుడ్డ అంచు మీద పేరు అద్దుకోమని చెప్పాం. ఆమె ఒప్పుకోలేదు. ఇంటిపేరు, ఊరిపేరు చూస్తే కులం తెలిసిపోతుంది, తెలిశాక ఆర్డర్లు ఆగిన అనుభవం ఆమెకు ఉన్నది. ఒక దుకాణంవాళ్ళు ఆమె సరుకు మీద 'తెలంగాణ పల్లె ప్రకృతి' అని చీటీ అతికించారు. లంద గురించి ఆమె రాసిచ్చిన నాలుగు వాక్యాలు తీసేశారు, కొనేవాళ్ళకు బాగుండదని. అందుకే ఈ వ్యాసంలో కూడా ఆమె పేరు వెయ్యలేదు. కలం పట్టినవాడికి పేరు పురస్కారం తెస్తుంది, ఈమెకు పేరే అడ్డం. బాబూ, పేరు పెట్టుకో అని సలహా ఇవ్వడం సులభం. పేరు పెట్టాక ఆ గుడ్డ కొనే దుకాణం, దాని గురించి రాసే పత్రిక, దాన్ని చూపించే గోడ మన దగ్గర ఎన్ని ఉన్నాయి? మన సభలకు కట్టే బ్యానర్లు ఫ్లెక్సీల మీద అచ్చవుతున్నాయి, వేదిక మీద కప్పే శాలువాలు బజారు నుంచి వస్తున్నాయి. ఏప్రిల్ 14కి ఎన్ని వేల శాలువాలు కప్పుతామో లెక్క తీస్తే మన అద్దకందార్లకు ఏడాది పని దొరుకుతుంది.

ఇంకో పని కూడా ఉన్నది, అది పాఠకులు చెయ్యగలిగింది. లంద పని చేసిన పెద్దవాళ్ళు ఊళ్ళల్లో ఇంకా అక్కడక్కడ బతికే ఉన్నారు. వాళ్ళు పోతే ఆ జ్ఞానం పోతుంది. విద్యార్థులు, టీచర్లు సెలవులకు ఊరికి పోయినప్పుడు అడిగి రాసుకోండి. తంగేడు చెక్క ఏ నెలలో తీసేవారు? తుమ్మ చెక్క, కరక్కాయ ఎప్పుడు కలిపేవారు? ఆవు తోలుకు, బర్రె తోలుకు, మేక తోలుకు ఎన్నెన్ని రోజులు? పని అయిందని చేతికి ఎట్లా తెలిసేది? నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవారు, ఎవరైనా అడ్డం చెప్పారా? తోలుకు రంగు ఎక్కించేవారా, దేనితో? వాళ్ళు వాడిన మాటలు వాళ్ళు అన్నట్టే రాయండి, పుస్తకం భాషలోకి మార్చొద్దు. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు కూడా రాయండి, వద్దంటే వదిలెయ్యండి. వచ్చినవి వచ్చినట్టుగా ముందు సంచికల్లో వేస్తాం.